మూడు సాళ్లు

ఆమె పోయిందన్న కబురు మా ఇంటికి మనవరాలి పెళ్లినాడు వచ్చింది. పందిట్లో తలంబ్రాలు పోస్తున్నారు. మా పెద్దవాడు గుంజ చాటున ఎవరితోనో "అమ్మకు ఇప్పుడే చెప్పొద్దప్పా, పెళ్లి కానీ" అనడం నాకు వినిపించింది. మా అత్తవారి ఊరి పేరు వినిపించింది. ఇత్తనాలామె అన్న మాటా వినిపించింది. అక్షింతల పళ్లెం పట్టుకుని నిలబడ్డదాన్ని అట్లాగే నిలబడ్డాను. మూడో రోజు, చుట్టాలంతా వెళ్లిపోయాక, వాడు నా పక్కన కూర్చుని చెప్పాడు. "అట్లనా" అన్నాను. ఏడుపు రాలేదు. వాడు కాసేపు నా ముఖం చూసి, ముసలితనం అనుకున్నాడేమో, కాఫీ తెమ్మని కోడలికి చెప్పాడు.

ఆమె పేరు రాయను. ఊళ్లో కూడా ఆమెను పేరుతో పిలిచినవాళ్లు తక్కువ. విత్తనం వేసే ఆమె కనుక ఇత్తనాలామె. అంతే.

మా అత్తవారి ఊరు బనగానపల్లెకు నడిచిపోయేంత దూరం. నల్లరేగడి నేల. నేను బద్వేలు వైపు నుంచి వచ్చిన కోడలిని. ఎనిమిదో తరగతి చదివానన్న గర్వాన్ని కూడా చీరల మూటలో కట్టుకుని వచ్చాను. వచ్చిన మూడో రోజు, మా వాకిట్లో జొన్నలు చెరుగుతూ కూర్చున్న ఒకామె "ఏదీ, శెయ్యి సూపీ" అంది. జోస్యం చెబుతుందేమో అనుకుని అరచెయ్యి చాపాను. ఆమె చేతిని బోర్లా తిప్పి వేళ్ల సందులు చూసింది.

"ఉప్పు ఏసేదానికి పనికొస్తాది. ఇత్తనానికి పనికిరాదు" అని చెయ్యి వదిలేసి మళ్లీ చాట అందుకుంది.

మా అత్త పకపకా నవ్వింది. నాకు ఒళ్లు మండింది. నన్ను ఇంటి కోడలని కూడా చూడకుండా కూలికి వచ్చిన మనిషి పరీక్ష పెట్టి తప్పించేసింది. ఆమెకు అందరూ చేతులే. ముఖాలు తర్వాత. కరణం గారి చెయ్యి గురించి ఆమె అన్న మాట ఇక్కడ రాయదగ్గది కాదు.

ఆమె తన చెయ్యి మాత్రం ఊరికే ఉండేది కాదు. దారిన నడుస్తున్నా, గంజి చల్లారడం కోసం కూర్చున్నా, కుడిచేతి బొటనవేలు మిగతా నాలుగు వేళ్ల మీద మెల్లగా జారుతూనే ఉండేది. చూసేవాళ్లకు ఏదో లెక్క వేసుకుంటున్నట్టు ఉంటుంది. లెక్క కాదు. లేని గింజలు రాలుస్తుండేది. ఆ కదలికకు చేతినున్న మట్టిగాజులు ఒకదానికొకటి తగిలి సన్నగా చప్పుడు చేసేవి. వీధి మలుపు తిరగకముందే ఆమె వస్తోందని తెలిసేది.

ఇప్పటివాళ్లకు గొర్రు తెలియదు కనుక చెప్పాలి. గొర్రు విత్తనం వేసే కొయ్య పనిముట్టు, దానికి నేలను చీల్చే మూడు కర్రులు. వాటి పైన కొయ్యతో తొలిచిన గిన్నె ఒకటి, దాన్ని జడ్డిగం అంటారు. గిన్నె అడుగున మూడు బెజ్జాలు, ఒక్కో బెజ్జం నుంచి ఒక్కో వెదురు గొట్టం కర్రు వెనక్కి దిగుతుంది. ఒకరు ఎద్దుల పక్కన నడుస్తూ గొర్రు తోలుతారు. వెనకాల ఒక ఆడమనిషి ఒడిలో విత్తనం కట్టుకుని, పిడికిట్లోంచి గింజను వేళ్ల సందుల్లోంచి గిన్నెలోకి వదులుతూ నడుస్తుంది. మూడు బెజ్జాలకూ సమంగా పడాలి. ఒక్క నడకకు మూడు సాళ్లు పడతాయి. వేరుశనగ అయితే ఎవరైనా వేస్తారు. కొర్ర గింజ ఆవగింజంత. కొర్రకు ఆమె కావాలి.

"కడుపు నిండితే శెయ్యి బరువైతాది" అని విత్తే రోజు పొద్దు వాలేదాకా ఆమె అన్నం ముట్టేది కాదు. "నోటితో తప్పు మాట్లాడితే మాపటికి మర్సిపోతారు. శెయ్యి తప్పు చేస్తే కోత దాంకా ఊరంతా నిలబడి సూస్తాది" అనేది.

నిజంగానే చూసేది. మొలకలు వచ్చాక ఆమె గట్ల వెంబడి తిరుగుతూ ఇతరుల చేలు చదివేది. ఒకసారి నన్ను తోడు తీసుకుపోయింది.

"నువ్వు కాగితాలు సదివినావు గదా సిన్నమ్మా, ఇది సదువు సూద్దాం" అంది.

నాకు మొలకలు తప్ప ఏమీ కనపడలేదు. ఆమె వేలు చూపించింది. "ఈడ తుమ్మినాది సూడు, ఒక్కతావనే గుత్తిగా పడినాది. ఈడ గొర్రు తోలేటోనికీ ఈమెకూ మాటామాటా వచ్చినాది, సగం సాలు మందం, సగం పల్సన. ఈడ ఎవురో పిలిచినారు, తిరిగి సూసినాది." మూడడుగుల ఖాళీ ఉంది అక్కడ. ఆ చేలో విత్తిన ఆమెను తర్వాత బావి దగ్గర అడిగితే, అవును, అన్న వచ్చి పిలిచాడు అంది. నేను ఆ రోజు నుంచి ఆమెను వదిలిపెట్టలేదు. చెయ్యి పనికిరాకపోతేనేం, కళ్లు పనికొస్తాయి కదా. ఆ ఏడాది మా ఊరి చేలన్నీ చదివేశాను.

ఆ మరుసటి ఏడు జ్వరం వచ్చింది. కర్నూలు నుంచి రాజధాని హైదరాబాదుకు తరలిపోయాక వచ్చిన మొదటి వేసవి అది. ప్రపంచమంతా తిరుగుతున్న జ్వరమని పేపర్లో పడిందని కరణం చెప్పాడు. చైనా వైపు పుట్టి, ఓడెక్కి మద్రాసులో దిగిందట. మా ఊరికి చైనా తెలియదు, ఓడ తెలియదు. తెలిసింది మద్రాసు ఒక్కటే కనుక మద్రాసు జ్వరం అన్నారు. ఒళ్లంతా రోట్లో వేసి దంచినట్టు నొప్పులు, కన్ను తెరవనివ్వని తలనొప్పి, దగ్గు. చాలామంది వారానికి లేచి కూర్చున్నారు. కొందరు లేవలేదు. శొంఠి, మిరియాలు ఊళ్లో దొరకకుండా పోయాయి. పొద్దున్నే ఇళ్ల మీద పొగ లేచేది కాదు. దొడ్లలో పశువులు మేత కోసం అరిచేవి, పట్టించుకునేవాళ్లు లేక కాసేపటికి అవే ఊరుకునేవి.

అప్పుడు వాన పడింది. నెల పొడుగునా ఆకాశం చూపించి మోసం చేసిన వాన, ఆరుద్ర కార్తెలో, సగం ఊరు మంచం మీద ఉన్నప్పుడు, ఒక రాత్రీ ఒక పగలూ కురిసింది. రేగడిలో పదును, విత్తడానికి సరిపడే తడి, నాలుగు రోజులు. గాలి తిరిగితే మూడే. ఆ పదునులో గింజ పడకపోతే ఏడాదికి తిండి లేదు. మా మామ, మా ఆయన, జీతగాడు ముగ్గురూ ఒకే వసారాలో వరసగా పడుకుని మూలుగుతున్నారు.

మా అత్త శాస్త్రాల పుట్ట. ఏ శాస్త్రానికి దొడ్డిదారి ఎటు వైపుందో కూడా ఆమెకే తెలుసు. వాన వెలిసిన పొద్దున మట్టి పిడికిట్లో పట్టి చూసి వచ్చి, గొర్రు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది.

"ఆడది నాగలి పట్టగూడదన్నారు. గొర్రు తోలగూడదని ఎవురన్నా అన్నారా?" అని నన్నే అడిగింది.

"నాకు తెల్దత్తా" అన్నాను.

"అనలే. ఎద్దులు కట్టు."

అట్లా నేను మూడు రోజులు రైతునయ్యాను. మొదటి రోజు ఎద్దులు నా మాట వినలేదు, మా ఆయన గొంతు కోసం వెతుక్కున్నాయి. వెనక నుంచి ఇత్తనాలామె "బెదరగాకు సిన్నమ్మా. నువ్వు ముందర సూసి నడువు, ఎనక నేనుండా. ఎనక్కి తిరిగితే సాలు వంకర పోతాది" అంది. వెనక్కి తిరగలేదు. ఆమె గాజుల చప్పుడు నా వెనకాల ఒకే తీరుగా వచ్చేది. ఆ చప్పుడును పట్టుకుని నడిచాను. రెండో రోజుకు ఎద్దులు, నేను, ఆ చప్పుడు ఒక్కటై పోయాము. ఇంట్లో మగవాళ్లు జ్వరంతో పడి ఉండగా చెప్పకూడదు కానీ, నా బతుకులో అంత సంతోషంగా నేనెప్పుడూ నడవలేదు. పొద్దు వాలాక అవే ఎద్దులకు గుంటక కట్టి విత్తనం మీద మట్టి కప్పేదాన్ని. రెండు రోజుల్లో రెండు చేలు అయిపోయాయి. మిగిలింది పెద్ద చేను, నాలుగెకరాలు.

మూడో రోజు పొద్దున ఆమె చేను గట్టు మీద ఒడి కట్టుకుంటూ మా అత్తతో అంది. "పెద్దమ్మా, మా ఇంటాయనకు మూన్నాళ్ల నుండి ఒళ్లు కాల్తాండాది. పక్కింటామెను సూడమని చెప్పి వచ్చినా. మధ్యాన్నం నేనొకసారి పోయి సూసొస్తా."

"పోదువులే" అంది మా అత్త.

ఆయన నాపరాళ్ల గనిలో పనిచేసి ఎప్పుడో ఊపిరి పాడు చేసుకున్న మనిషి. మామూలు రోజుల్లోనే నాలుగడుగులకు ఒకసారి ఆగి దగ్గేవాడు. ఆ సంగతి మాకందరికీ తెలుసు.

సగం చేను అయింది. నేను అత్త ఉన్న గట్టు దగ్గర ఎద్దులను తిప్పుతున్నాను. ఇత్తనాలామె, ప్రతి మలుపు దగ్గరా చేసినట్టే, వంగి కర్రులకు పట్టిన మట్టిని పుల్లతో గీకుతోంది. అప్పుడు వాళ్ల పక్కింటామె గట్టు మీదికి వచ్చింది. పరుగెత్తి వచ్చినట్టుంది, రొప్పుతోంది.

"పాయె పెద్దమ్మా. ఇప్పుడే. నీళ్లడిగినాడు, తాగకముందే పాయె."

మెల్లగానే చెప్పింది. నాకు వినిపించింది. గొర్రు నాకు వెనకాల, ఇంకా దూరం. ఆమె తల ఎత్తలేదు.

మా అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఆ మనిషిని "నువ్వు పోయి ఆడ కూసో, పొద్దు వాలకముందే పంపిస్తా" అని వెనక్కి పంపేసింది. ఎద్దుల తల చాటుకు వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"చెవిన పడేదాంకా మైల ల్యా. ఆమెకింకా చెవిన పడలే. పడితే ఇత్తనం ముట్టగూడదు. నీకు శాతగాదు, నాకు శాతగాదు. రేపటికి పదునుండదు. నోరు మూసుకో."

చావు మైల విన్నప్పటి నుంచే మొదలవుతుందని మా పెద్దవాళ్లందరూ చెప్పేదే. పెళ్లి పీటల మీద ఉన్నవాళ్లకు తాళి పడేదాకా చెప్పరు, తింటున్న వాళ్లకు చెయ్యి కడిగేదాకా చెప్పరు. మా అత్త దాన్ని చేలోకి తెచ్చింది.

ఇత్తనాలామె నడుం ఎత్తి కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. "ఆ పోయేది మా పక్కింటామె గాదా పెద్దమ్మా? ఏమంటాది?"

"నీ మొగునికి గంజి పోసినాదంట. పొద్దున కన్నా నయమంట. చెప్పి పోదామని వచ్చినాది."

"అట్లనా" అంది ఆమె. బుట్టలోంచి విత్తనం ఒడిలోకి తీసుకుంది. కొంగు బిగించింది. "తోలు సిన్నమ్మా."

తోలాను. నోరు మూసుకోమన్నది అత్త. మూసుకున్నది నేను. తిండిగింజల కోసమని చెప్పుకోవచ్చు, అదీ నిజమే. కానీ అంతా అది కాదు. ఆ రోజు ఆగిపోవడం నాకు ఇష్టం లేదు. ఎద్దులు నా మాట వింటున్నాయి. రేపు మగవాళ్లు లేస్తే మళ్లీ పొయ్యి దగ్గరికే అని నాకు తెలుసు. సిగ్గు లేకుండా రాస్తున్నాను, ఇంక ఎవరి దగ్గర దాచాలి. నా వెనకాల గాజుల చప్పుడు ఎప్పటిలాగే, ఒకే తీరుగా వచ్చింది. ఆమెకు తెలియదు, తెలిస్తే ఇట్లా నడవగలదా అని నాకు నేనే ధైర్యం చెప్పుకున్నాను.

మధ్యాహ్నమైంది. ఇంటికి పోయి చూసొస్తానని ఆమె అడగలేదు. నయమని విన్నది కదా, అందుకే అడగలేదని అనుకున్నాను.

పొద్దు బారెడుండగా ఆఖరి సాలు తేలింది. ఒడిలో మిగిలిన కొర్రను ఆమె బుట్టలోకి వంపింది. అనుకున్నదానికంటే విత్తనం మిగిలింది, పిడికిలికి పైనే. కొంగు విదిలించి, కుండలో నీళ్లతో చేతులు కడుక్కుంది. అప్పుడు మా అత్త ఆమె దగ్గరకు పోయి "ఇప్పుడే కబురొచ్చినాది మే" అని చెప్పింది.

"అట్లనా" అంది ఆమె. మళ్లీ అదే మాట, అదే గొంతు.

మా అత్త ఆమె వెంట పోయింది. నేను ఎద్దులకు గుంటక కట్టాను. మట్టి కప్పాలి కదా.

చీకటి పడ్డాక ఇంటికి వస్తే మా అత్త బుట్ట ముందు కూర్చుని మిగిలిన విత్తనం చూస్తోంది. "శానా పొదుపైన శెయ్యి. ఇంత మిగిల్చినాది, పాపం" అంది. పడుకుని నిద్రపోయాను. నిద్ర పట్టిందా అని ఎవరైనా అడిగితే, పట్టింది.

వారం తిరక్కుండా మొలక వచ్చింది. మా మామ ఇంకా మంచం దిగలేదు. అత్త, నేను చూడడానికి పోయాము. ఆకుపచ్చని దారాలు పరిచినట్టు నాలుగెకరాలూ తేలాయి. అయితే చేను నడుమ, ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా, మూడు సాళ్లు లేవు. మూడడుగుల ఖాళీ కాదు. మొత్తం నడక. ఒక్క మొలక లేదు. ఆ ఖాళీ మొదలైన చోట నిలబడితే, పక్కింటామె వచ్చి రొప్పిన చోటు ఎదురుగా ఉంది. ఆ తర్వాత సాలు నుంచి మళ్లీ మొలకలు, ఎప్పటిలాగే సమంగా, వేలెడు తేడా లేకుండా.

నాకు చేను చదవడం నేర్పింది ఆమే కదా. చదివాను. అత్తకు ఎవరూ చెప్పనక్కర లేకపోయింది. గట్టు మీద కూలబడి "ఇన్యాదే" అంది. "ఇని, ఇననట్ల ఉన్యాది." నాకు ఏమీ అనిపించలేదు, చాలా రోజులు.

మామ లేచి చేను చూసినప్పుడు ఇదేమిటని అడిగాడు. గొట్టాలు మట్టితో పూడాయని మా అత్త చెప్పింది.

"మూడూ ఒకేపారి పూడినాయా?"

"పూడినాయి."

ఆయన రైతు. కాసేపు ఆ ఖాళీ కొసకంటా చూసి, ఇంక అడగలేదు. కందులైనా పెడదామని జీతగాడు అంటే అత్త వద్దంది. ఆ ఏడు ఆ మూడు సాళ్లలో కలుపు అత్తే పోయి తీసేది, పంట లేని చోట. పదును తప్పి ఊళ్లో సగం చేలు బీడు పడ్డాయి. మా గాదె నిండింది. ఆ కొర్రన్నం నేను తిన్నాను. కోతకు ఇత్తనాలామె కూడా వచ్చింది, గాజులు లేని చేతులతో. ఆ మూడు సాళ్ల దగ్గరికి వచ్చినప్పుడు ఖాళీ దాటి అవతల సాలు పట్టుకుంది.

మరుసటి ఏడు మా ఆయన గొర్రు తోలాడు. తొలి పిడికిలి ముత్తైదువ వేయాలి. మా అత్త మళ్లీ దొడ్డిదారి వెతికింది. "తొలి పిడికిలే శాస్త్రం. మిగతాది పని" అని, నా చేత పది అడుగులు వేయించి, ఒడి ఆమెకు ఇప్పించింది. నేను వేసిన పది అడుగులూ చూసి ఇత్తనాలామె "ఉప్పు ఏసినట్టే ఏసినావు" అంది. నవ్వింది కూడా. తర్వాత నడిచింది. గొర్రు వెనకాల చప్పుడు లేదు.

చాలా ఏళ్లకు, మా అత్త పోయాక, ఒక మధ్యాహ్నం ఆమె మా వాకిట్లో కొర్రలు చెరుగుతోంది. వేళ్లు వంకరపోయాయి, అయినా బొటనవేలు జారుతూనే ఉంది. అడగకూడదని అన్నేళ్లు ఆపుకున్నదాన్ని అడిగేశాను.

"ఆ పొద్దు నువ్వు ఇన్యావు గదా?"

ఏ పొద్దు అని ఆమె అనలేదు. చాటలోంచి ఒక రాయి ఏరి పారేసింది.

"ఇన్నానంటే మైల. మైలంటే సేను నిల్సిపోతాది. మీ గాదె నిండకపోతే నాకు గంజి యాడిది? ఆయప్ప యాడికి పోతాడు సిన్నమ్మా, పండుకోనుండె. పదును పోతాది గానీ."

"మేం చెప్పి ఉండాల్సింది."

"చెప్పలే" అంది. కోపంగా కాదు. ఉన్నమాట అన్నట్టు.

"మరి ఆ మూడు సాళ్లు?"

చాట కింద పెట్టింది. "ఏస్తానే ఉండా అనుకుంటి. నడిస్తి, శెయ్యి ఆడిస్తి. ఆ కొసకు పోయి సూసుకుంటే పిడికిట్లో ఇత్తనం అట్లనే ఉండాది. శెయ్యి తెర్సుకోలే. ఎంత చెప్పినా ఇనలే."

"మళ్లీ ఎట్లా వేసినావు?"

ఆమె కుడిచేతిని పిడికిలి బిగించి నా ముందు పెట్టింది. ఎడమచేత్తో ఆ వేళ్లను ఒక్కొక్కటే పట్టి, బలవంతంగా, విడదీసి చూపించింది. ఐదూ విడిపోయాక మళ్లీ చాట అందుకుంది.